నాలుగో పడక

రాత్రి పదకొండు దాటింది.
కోయింబ్రా ఆసుపత్రిలో నాలుగో పడక.
ఫిర్మీను గశ్పార్, డెబ్భై ఒకటి,
మూడు బైపాసులు, మరమ్మతు చేసిన ఒక కవాటం.
వృత్తి: ఉప్పుమడి పని, అని ఉంది కాగితంలో.
మొండేగు నది సముద్రంలో కలిసేచోట
యాభై ఏళ్ళు ఉప్పు గోకిన చేతులు
దుప్పటి మీద చల్లగా పడున్నాయి.

ఒళ్ళు మెల్లగా వేడెక్కుతోంది.
వేడెక్కేకొద్దీ నాళాలు వదులవుతాయి,
పొద్దుట సరిపోయిన రక్తమే ఇప్పుడు చాలదు.
తెర మీద ఎర్ర గీత దిగింది.
తొంభై. ఎనభై నాలుగు.
గ్రాసియెట్ నా వైపు చూసింది.
ఇరవై ఆరేళ్ళు ఇదే వార్డులో అరిగిన చూపు.
ఏమీ అడగదు. అర తలుపు తీసి పక్కకి నిలబడుతుంది.

సెలైన్ ముందు వరసలో.
మామూలు సెలైన్ అంటాం గానీ
ఏ మనిషి రక్తమూ అంత ఉప్పన కాదు.
ఆపరేషన్ గదిలో ఇప్పటికే రెండు లీటర్లు వెళ్ళాయి;
క్లోరైడు నూట పన్నెండు, రక్తం పులుపెక్కుతోంది.
ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలంటారు,
ఈయన తాగలేడు, గొంతులో గొట్టం.
ఏం తాగాలో, ఎంత తాగాలో
నిన్నటిదాకా పేరైనా తెలియని నేను చెప్పాలి.

పై అర ఖాళీ.
నేను చదువుకునే రోజుల్లో అక్కడ పిండి ద్రవం ఉండేది,
మా ప్రొఫెసరు గంజి పోసినంత ధీమాగా పోయించేవాడు.
కిడ్నీలు ఒప్పుకోలేదు.
ఇప్పుడు అక్కడ గ్రాసియెట్ బిస్కెట్ల డబ్బా.

చివర్న ఆల్బుమిన్, గాజు సీసాల్లో,
ఎండుగడ్డి రంగు.
ఊపితే నురుగొస్తుంది, ఊపకూడదు.
ముక్కూ మొహం తెలియని వేలమంది
చొక్కా చెయ్యి మడిచి ఇచ్చిన రక్తపు తేట.
దాన్ని ముట్టుకున్నప్పుడల్లా
ఎవరి ఇంట్లోనో చెప్పకుండా చొరబడ్డట్టుంటుంది నాకు.

ముందు కాళ్ళు ఎత్తి చూద్దాం, అన్నాను.
మీట నొక్కితే తల దిగింది, కాళ్ళు లేచాయి,
సిర తీసిన ఎడమకాలు కట్టుతో సహా.
కాళ్ళలో మసలే రక్తం ఒక్క నిమిషం
గుండెకి చేబదులు వెళ్ళింది.
ఎనభై నాలుగు, తొంభై ఒకటి, తొంభై ఎనిమిది.
గుండె అడుగుతోంది, నిజంగానే.
రింగర్స్ తీసుకున్నాను, పావులీటరు.
చుక్క, చుక్క, చుక్క.
మూత్రపు సంచిలో గంటకి నలభై. సరే.

నాలుగున్నరకి మళ్ళీ దిగింది.
మళ్ళీ మీట, మళ్ళీ కాళ్ళు.
ఈసారి గీత కదల్లేదు.
చేతిలో అప్పటికే సంచి ఉంది, మూత కూడా తీశాను.
ఏదో ఒకటి పోస్తే నాకు మనశ్శాంతి,
ఆయన ఊపిరితిత్తులకి తేమ.

సాయంత్రం వరండాలో కూతురు జుల్మీరా చెప్పింది,
విసుక్కుంటూనే:
మా నాన్న అర్ధరాత్రి లేచి సైకిలేసుకుని
తూము మూశాడో లేదో చూసొచ్చేవాడు,
పెళ్ళిరోజు రాత్రి కూడానట, అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

సంచి పక్కన పెట్టాను.
నాళాలు బిగించే మందు ఒక గీత పెంచాను.
చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాను,
చదువులో ఎవరూ నేర్పని భంగిమ.
పదకొండు నిమిషాలు.
గ్రాసియెట్ బిస్కెట్ ఇచ్చింది. నమల్లేదు, చప్పరించాను.
తొంభై. తొంభై మూడు.
కిటికీ బయట వంతెన మీద తొలి బస్సు.

ఏడింటికి గొట్టం తీశాం.
దగ్గాడు, తిట్టాడు, ఎవర్నో తెలియదు.
నీళ్ళు, అన్నాడు.
తడి స్పాంజి పెదాలకి అద్దాను.
కళ్ళు మూసుకుని చప్పరించి
మొహం చిట్లించాడు:
చప్పగా ఉంది.

గ్రాసియెట్ నవ్వలేదు.
పట్టికలో రాసుకుంది:
నోటి ద్వారా, అయిదు మిల్లీలీటర్లు.